గంగాధర్ మీసానికి నా ఇంగ్లీషు తగిలింది

ఒకే ఒక్క ఇంగ్లీషు ముక్కతో నేను బతికున్న మనిషి కోసం ఒక ఊరంతా ఏడ్చేలా చేశాను. నమ్మకపోతే కూర్చోండి, చెప్తాను. నవ్వుకోండి గానీ మా మామ ముందు మాత్రం ఈ మాట ఎత్తకండి.

అప్పట్లో నేను ప్రొద్దుటూరులో జాకెట్లకు మగ్గం పని చేసే అంగట్లో పూసలు కుట్టేదాన్ని. చదివింది పదో తరగతే. అయినా చెవిలో ఫోను పెట్టుకుని స్పోకెన్ ఇంగ్లీషు పాఠాలు వినేదాన్ని. ఒక పూస గుచ్చితే ఒక కల. కలలన్నీ గంగాధర్ గురించే. పులివెందుల పక్క పల్లెలో అతనికి చీనీ తోట, అదే బత్తాయి తోట, ఉంది. నెలలో మా పెళ్లి.

మనిషి మెత్తన. మీసమే, ముక్కు కింద రెండు ఉడుతలు తోకలు విప్పుకుని పడుకున్నట్టు ఉండేది. అతను నవ్వితే ఎలా ఉంటాడో నాకు తెలియదు, ఉడుతలు అడ్డం. అందుకే కలలో వాటిని తోలేసేదాన్ని. జమ్మలమడుగు దగ్గర పెన్న ఇసుకలో ఇద్దరం కూర్చుంటే, గాలికి అతని నవ్వు మెల్లగా బయటపడేది. సూది వేలికి గుచ్చుకుంటే తప్ప నేను ఇసుకలోంచి లేచేదాన్ని కాదు.

ఆ రోజు పాఠంలో 'ఇట్స్ హై టైమ్' వచ్చింది. ఎప్పుడో జరగాల్సిన మార్పు ఇంకా జరగలేదు, ఇక ఆగొద్దు అని చెప్పడానికట. ఇంత పొడుగు విసుగు మూడు ముక్కల్లో దొరికేసరికి పొద్దుటి నుంచి అంగడి ఫ్యానును, అమ్మ చెప్పులను, అన్నింటినీ దాంతోనే తిట్టాను. అప్పుడే గంగాధర్ ఫోన్ చేశాడు. మాటా, దాని అర్థమూ చెప్పాను.

"అట్లయితే నా దాంట్లో ఏం మార్చల్ల?" అన్నాడు.

నేను పెన్న ఇసుకలో ఉన్నాను. "మీ మీసం," అన్నాను.

 "సరే" అన్నాడు.

మరునాడే పులివెందులలో గొరిగించుకుని ఊళ్లో బస్సు దిగాడు.

ఇక్కడ మీకు రెండు సంగతులు చెప్పాలి. ఒకటి, మా పక్క మగవాళ్లు మీసం తీసేది నాయన చనిపోతేనే. రెండు, మా మామ, అంటే గంగాధర్ నాయన, కంటి ఆపరేషన్‌కని అత్తను వెంటబెట్టుకుని జమ్మలమడుగు వెళ్లి అప్పటికి రెండు రోజులు. రెండూ నాకు తెలుసు. కలలో గుర్తుంటాయా?

అతని ముఖం చూసి ఎవరూ ఏమీ అడగలేదట. అలాంటివి అడుగుతారా? ముసలమ్మలు పట్టుకుని ఏడ్చారు. "నాయన బాగుండాడు" అని గంగాధర్ చెప్తుంటే, పాపం దిగులుకు మతి చలించిందని ఇంకా గట్టిగా ఏడ్చారు. నాయన గొంతు వినిపిద్దామని గంగాధర్ ఫోన్ చేస్తే, ఆయన ఫోను ఇంట్లోనే చార్జింగులో మోగుతోంది.

మామ పోయాడని మాకూ కబురొచ్చింది. ఇక ఏడాది దాకా పెళ్లి లేదని అమ్మ కళ్లు తుడుచుకుంటూ పూలదండ కొనింది. బస్సులో మెల్లగా అంది, "పాపం, మీసం గూడా తీసేసినాడంట."

నా గుండె పూసల డబ్బాలా ఒలికిపోయింది. అది నా మాటకేనని అమ్మకు చెప్పలేక, దిగేదాకా దండలో పూలు లెక్కపెట్టాను.

మేము దండతో వాళ్ల గడపలో ఉండగానే జమ్మలమడుగు బస్సు వచ్చింది. నల్లద్దాలతో మామ దిగాడు, వెనక అత్త. తన ఇంటి ముందు జనాన్ని చూసి, "ఎవురు పోయినారబ్బా?" అని అడిగాడు. అమ్మ దండను కొంగులో దాచింది.

మామ అద్దాలు తీసి కొడుకును చూశాడు. "ఆపరేషన్ బాగా చేసినారు. శానా తేటగా కనపడతాంది. మీసం తీయమని ఎవురు చెప్పినార్రా నీకు?"

"ఉక్కపోసింది నాయనా," అన్నాడు గంగాధర్, నావైపు చూడకుండా.

అది విని ఊరుకోలేకపోయాను. "నేనే మామా," అని ఆ ఇంగ్లీషు మాటతో సహా చెప్పేశాను.

అప్పుడు గంగాధర్ నవ్వాడు. పక్క పన్ను కొంచెం వంకర. నా కల కంటే బాగుంది. నేను అది చూస్తూ నిలబడిపోతే, మామ తీర్పు సగమే వినపడింది: "...మీసం వచ్చేదాకా లగ్గం లేదు."

మూడు నెలలు పూసలు గుచ్చుతూ ఒక్కో వెంట్రుకనూ కలలో లాగి పెంచాను. ఒక మధ్యాహ్నం మామే ఫోన్ చేశాడు.

"ఏమ్మే, ఆ ఇంగ్లీషు మాట ఏంది?"

"ఇట్స్ హై టైమ్, మామా."

"ఆ, అదే. వానికి మీసమొచ్చింది. లగ్గం పెట్టుకుందాం."

పూసల డబ్బా మీద చెయ్యేసి చెప్తున్నాను: ఈ జన్మలో ఎవరి మీసాన్నీ ఏ భాషలోనూ మార్చమనను. నోరు జారి అన్నా, ముందు వాళ్ల నాయన అరుగు మీద ఊరందరికీ కనపడేలా కూర్చున్నాడో లేదో చూసుకునే అంటాను.