మడత లేని గౌను

గుంటూరు బట్టల షాపులో కొత్త గౌను వేసుకుని, అద్దం ముందు నా ఆరేళ్ళ కూతురు పొట్ట లోపలికి పీల్చుకుంది. నాకు చిన్నప్పటి చీరాల బట్టల షాపు గుర్తొచ్చింది.

అప్పుడు నాకూ ఆరేళ్ళే. షాపు గుమ్మంలో నా అంత బొమ్మకి హీరోయిన్ మోడల్ బిగుతు గౌను తొడిగి, పెదాలకు రంగేశారు. దానికి పొట్టే లేదు.

"అమ్మా, ఈ పాప అన్నం తినదా?"

అమ్మ గౌను అంచు తిరగేసింది. "లోపల మడతే లేదు. పిల్ల ఎదిగితే ఏం విప్పాలంట?"

ఎదిగే పిల్లనని నా పావడాలన్నిటికీ అమ్మ లోపల మడతేసి కుట్టేది, ఏటా కాస్త విప్పేది. అయితే ఈ గౌను కావాలంటే ఎదగకూడదు కాబోలనుకున్నాను. ఆ పూట సగం అన్నం వదిలేశాను.

ఇప్పుడు నా కూతురి గౌను అంచు తిరగేశాను.

"ఏం వెతుకుతున్నావమ్మా?" అంది, పొట్ట ఇంకా బిగబట్టుకునే.