ఏడవని ఇంటి వార్త

"సముద్రంలోకి వెళ్లిన పడవ రాలేదట. ముగ్గురు మనుషులు. ఇంట్లో ఆడవాళ్ల ఏడుపు బాగా రాయి, ఫొటో కూడా కావాలి" అని మా పేపరు డెస్కు నుంచి ఫోన్ వచ్చేసరికి ఉదయం ఆరున్నర. ఏడు దాటాక వచ్చే ప్యాసింజరును విజయనగరంలో పరిగెత్తి అందుకున్నాను. శ్రీకాకుళం రోడ్డు స్టేషనంటే ఊళ్లో ఉంటుందనుకోకండి, అది ఆముదాలవలసలో ఉంది. అక్కడి నుంచి షేరాటోలో శ్రీకాకుళం బస్సు కాంప్లెక్సుకు వెళ్లి, ఎదురుగా ఇడ్లీ తిని (చట్నీ నీళ్లే, ఇడ్లీ మాత్రం మెత్తగా ఉంది) కళింగపట్నం బస్సెక్కాను.

పక్క సీట్లో రైతు నా కెమెరా చూసి, "పేపరోలా బాబూ? ఆ సచ్చిపోనోలింటికేనా?" అన్నాడు. చచ్చిపోయారని ఎవరన్నారని అడిగాను.

"నాలుగు దినాలైనాది. ఇంకేటి?" అని తల తిప్పుకున్నాడు.

కళింగపట్నం రాకముందే దిగి, ఇసకలో నడిచి పదకొండింటికి ఆ మత్స్యకారుల వాడ చేరాను. ఆ పడవలోనే వెళ్లిన యజమాని భార్య నూకమ్మ పొయ్యి దగ్గర అన్నం వారుస్తోంది. నుదుట రూపాయి బిళ్లంత బొట్టు. పడవ సముద్రం మీద ఉండగా ఆ వాడలో ఆడవాళ్లు కంటనీరు పెట్టరు. మనిషైనా రావాలి, శవమైనా ఒడ్డుకు రావాలి, అప్పటిదాకా ఇల్లు మామూలుగా నడవాల్సిందే. నేనుండగానే ఆడపడుచు గొంతు గద్గదమైతే నూకమ్మ ఒక్క కసురు కసిరింది.

డెస్కు ఏడుపు రాయమందని నూకమ్మకు దాచకుండా చెప్పాను. ఆమె గరిటె కింద పెట్టింది.

"నానేడిస్తే సచ్చిపోనారని రాసీస్తారు. సచ్చిపోనోలిని ఎవులెతుకుతారు బాబూ? నిన్నే ఆఫీసరు ఎతకడానికెల్లిన బోట్లని ఎనక్కి పిలిపించీసినాడు. ఇంజను సెడితే పడవ ఒడిసా ఏపు కొట్టుకుపోద్ది. అటేపు ఎతకమని రాయి. నా ఏడుపు రాయకు."

"కోపంగా ఉన్నావని రాయొచ్చా?"

"రాయి. ఒల్లు మండిపోతన్నాది."

ఆమెను ఫొటో తీసి, టీ కొట్టు బల్ల మీద కూర్చుని అదే రాసి పంపాను. డెస్కాయనకు నచ్చలేదు. "ఏడుపు లేకపోతే ఎవడు చదువుతాడయ్యా? 'కన్నీరుమున్నీరు' అని నేనే ఒక ముక్క కలుపుతాను" అన్నాడు. కలిపితే అది అబద్ధమని రేపు నేనే పదిమందికీ చెబుతానన్నాను. ఉద్యోగం పోతే పోనీ అనిపించింది ఆ క్షణాన. "సరే, నీ ఏడుపేదో నువ్వే ఏడు" అని ఫోన్ పెట్టేశాడు.

రాత్రికి కాంప్లెక్సు దగ్గర లాడ్జిలో ఉన్నాను. గది శుభ్రం, ఫ్యానుకే గోల ఎక్కువ. పొద్దున్నే పేపరు కొన్నాను. 'ఒడిశా వైపు వెతకండి' అన్న శీర్షిక, కింద సూటిగా చూస్తున్న నూకమ్మ ఫొటో. ఎవరూ ఏమీ కలపలేదు.

తొమ్మిదింటికి విజయనగరం బస్సెక్కాను. చిలకపాలెం దాటాక, నేనిచ్చి వచ్చిన నంబరుకు నూకమ్మ ఫోన్ చేసింది.

"ఆఫీసరు పేపరు సేత్తో పట్టుకొచ్చినాడు బాబూ. బోట్లు ఒడిసా ఏపు ఎల్లినాయి."

మంచిదమ్మా అన్నాను.

"మంచిదే. రేపు నువ్వు రాయకపోతే ఎల్లుండికి మల్లీ పిలిపించీస్తాడు. రేపేటి రాస్తావు?"

చెబుతానమ్మా అని ఫోన్ పెట్టేశాను. ఏడుపు వార్తకు ఒక్కరోజే ఆయుష్షు. జనం అయ్యో అంటారు, పేపరు మడుస్తారు, మేమూ ఇంకో ఊరు పోతాం. ఆమె కోపం మాత్రం పడవ వచ్చేదాకా ఉంటుంది. ఈ ప్రయాణంలో నాకు బోధపడింది అదే.

రణస్థలంలో బస్సాగితే సంచీ తీసుకుని దిగాను.

"ఇజీనారం టికెట్టు కదా, ఇక్కడ దిగిపోతన్నారేటి?" అన్నాడు కండక్టరు.

రోడ్డుకు అవతల శ్రీకాకుళం వెళ్లే బస్సు కదలబోతోంది. చెయ్యెత్తి ఆపి ఎక్కాను.