ఖాదర్‌బీ తినని టిఫిన్

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. అప్పుడు నేను ఉదయగిరిలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. అంతకుముందు పదకొండేళ్లు ఆత్మకూరులో చేశాను. షుగర్ పేషెంట్ల గురించి నాకు తెలియనిది లేదనుకునేదాన్ని.

మా దగ్గరే షుగర్‌కు ఇన్సులిన్ రాయించుకున్న ఖాదర్‌బీకి అరవై దగ్గరపడుతున్నాయి. ఇంట్లోనే చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కి అమ్మేది. ఒకరోజు ఉదయం తొమ్మిదిన్నరకు బొటనవేలికి గుడ్డ చుట్టుకుని వచ్చింది. ఉలి జారిందట. ఆ నెలలో అది మూడోసారి.

"చిన్నప్పటి నుంచీ పట్టిన ఉలి కదా, ఇప్పుడెందుకు జారుతోంది బీబమ్మా?" అన్నాను కట్టు కడుతూ.

"ముసిలిదాన్నయిపోయినా కదా సిస్టరమ్మా" అని నవ్వింది.

ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. నుదురంతా చెమట. చెయ్యి వణుకుతోంది. ఏదో అడిగితే మాట తడబడింది. గ్లూకోమీటర్‌తో చూస్తే షుగర్ నలభై ఎనిమిది. డెబ్భై కంటే తగ్గితేనే హైపోగ్లైసీమియా, అంటే లో షుగర్ అంటాం. ఇంకాస్త ఆలస్యమైతే స్పృహ తప్పేది. మింగగలుగుతోంది కాబట్టి గ్లూకోజు నీళ్లు తాగించి పక్కనే కూర్చున్నాను. పావుగంటకు మళ్లీ చూస్తే తొంభై దాటింది. అప్పుడు ఇడ్లీ తెప్పించి తినిపించాను.

"పొద్దున సూది వేసుకున్నారా?"

"ఆరింటికే వేసుకున్నా. ఒక్క పూటన్నా మానలేదు. మీరే కదా మానొద్దన్నారు."

"టిఫిన్?"

"తిన్నా" అంది, నా వైపు చూడకుండా.

ఆమె వేసుకునేది ప్రీమిక్స్‌డ్ ఇన్సులిన్. తొందరగా పనిచేసే మందు, నిదానంగా పనిచేసే మందు కలిపి ఉంటాయి. వేసుకున్న అరగంటలో తినాలి. తినకపోతే ఒంట్లో ఉన్న కాస్త షుగర్‌నూ కిందికి లాగేస్తుంది. తిన్న మనిషికి ఇంతగా పడిపోయిందంటే నాకు నమ్మబుద్ధి కాలేదు.

కబురు విని కోడలు షబానా ఆయాసపడుతూ వచ్చింది. మూడో నెల. ముఖం పీక్కుపోయి ఉంది.

"మా అత్త నాకంటే ముందే తినేస్తాది మేడం. నేను లేచేసరికి గిన్నెలు కూడా కడిగేసి ఉంటాది" అంది.

ఖాదర్‌బీ గోడ వైపు తిరిగింది. షబానాను బయట కూర్చోమని, నిజం చెప్పమని ఖాదర్‌బీని బతిమాలాను.

"తిరగమాత వాసన తగిలితే చాలు, ఆ పిల్ల పేగులు బయటికొచ్చేట్టు కక్కుతాది సిస్టరమ్మా. ఇప్పటికే రెండు కడుపులు పోయినాయి. రాత్రంతా నిద్ర పట్టక, పొద్దున పదింటి దాకా పడుకోనుంటాది. అందాకా పొయ్యి ముట్టించను. నేను తినలేదని తెలిస్తే లేచి వండతాది. అందుకే ఉత్త గిన్నెలు కడిగి బోర్లిస్తా."

షబానా బయట కూర్చోలేదు. తలుపు దగ్గరే నిలబడి అంతా విన్నది. లోపలికొచ్చి అత్త ఒళ్లో తల పెట్టి, "నువ్వు పడిపోతే నాకెవరుండారు అమ్మీ?" అని ఏడ్చింది. ఖాదర్‌బీ కట్టు కట్టిన చేత్తోనే ఆమె తల నిమిరింది.

డాక్టరుగారు డోసు సరిచేశారు. "టిఫిన్ సిద్ధంగా ఉంటేనే సూది. తినని పూట ఈ సూది వేసుకోవద్దు, షుగర్ చూసుకుని మాకు ఫోన్ చెయ్యమ్మా" అన్నారు. అన్ని ఇన్సులిన్లకూ ఇదే పద్ధతి కాదు. రోజంతా నిదానంగా పనిచేసే రకాన్ని, తిండి మానినా సొంతంగా ఆపకూడదు. ఎవరి మందు సంగతి వాళ్లు డాక్టరును అడగాల్సిందే.

వాసన సంగతి నేను చూశాను. రాత్రే జొన్నరొట్టెలు చేసి పెట్టుకుని, పొద్దున పెరుగుతో తినమన్నాను. పొయ్యితో పనే లేదు.

"అదైతే నాకూ పడతాది మేడం" అంది షబానా, కళ్లు తుడుచుకుంటూ.

ఆ తర్వాత ఖాదర్‌బీ షుగర్ అలా పడిపోలేదు, చెయ్యి వణికి ఉలీ జారలేదు. షబానాకు నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది.

సూది మానొద్దని అన్నేళ్లుగా అందరికీ చెబుతూ వచ్చాను. ఖాదర్‌బీ ఆ మాట తు.చ. తప్పకుండా పాటించింది. ఆమె ఇంట్లో పొద్దున ఏం జరుగుతుందో నేనే ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు ఎవరికైనా ఇన్సులిన్ మొదలుపెడితే, పొద్దున మీకు ఎవరు వండిపెడతారు, ఎన్నింటికి తింటారు అని ముందు అడుగుతాను. సరైన జవాబు వచ్చేదాకా సిరంజి చేతికివ్వను.