నాఫ్తాల్ పెద్దమ్మ

మిర్యాలగూడలో కూతురింట్లో ఉంటున్న మా పెద్దమ్మ పోయిన వారం కన్నుమూసింది. చుట్టరికమేమీ లేదు. కోదాడలో మా పక్కిల్లు ఆమెది. కొత్త కోడలిగా వచ్చిన నాటి నుంచీ ఆమెను పెద్దమ్మా అనే పిలిచాను.

చీరలకు రంగులు వేయడం ఆమె పని. వాకిట్లో రెండు తొట్లుండేవి. మొదటిదాంట్లో కాస్టిక్ సోడా వేసి నాఫ్తాల్ పొడి కరిగించిన నీళ్లు. అందులో ముంచిన బట్ట వెలిసిన పసుపులా ఉండేది. దాన్ని పిండి, రెండో తొట్టిలోని మందునీళ్లలో వేస్తే చూస్తుండగానే ఎర్రబడేది.

"నాఫ్తాల్ రంగు గాదు బిడ్డా, రంగుల సగమే. దానికి తోడు దొరకాలె" అనేది.

అవి రజాకార్ల రోజులు. ఒక మధ్యాహ్నం మా ఆయన, చిలుకూరు దారిలో తూటా తగిలి పడివున్న మనిషిని మోసుకెళ్లి, తెలిసినవాళ్లింట్లో చేర్చి వచ్చాడు. ధోవతి నిండా రక్తం. అది విప్పి వేరేది కట్టుకున్నాడో లేదో, ఆ మనిషిని మోసిందెవరని తుపాకులవాళ్లు ఇల్లిల్లూ వెతుకుతున్నారని వీధిలో కేక. ఆ ధోవతి పట్టుకుని వాకిట్లో ఏడుస్తున్నాను. గోడ మీంచి పెద్దమ్మ చూసింది.

"గా ధోతి ఇటియ్యి. ఏడ్వకు, ఏడిస్తే అనుమానమొస్తది."

కడవెడు నీళ్లలో జాడించి, ఒక తొట్టిలో, ఆ వెంటనే రెండో తొట్టిలో ముంచింది. వాళ్లు వచ్చేసరికి అది ఎర్రచీరల మధ్య ఆరుతోంది.

"ఏంది గివన్నీ?" అన్నాడొకడు, తుపాకీ మొనతో దండెం కదుపుతూ.

"గరిడేపల్లిల పెండ్లి సారూ, చీరలు. జర దూరం నిలబడుండ్రి, మీద పడితే ఎంత ఉతికినా పోదు."

వాళ్లు వెనక్కి జరిగారు. మా ఇల్లంతా వెతికి, ఏమీ దొరక్క వెళ్లిపోయారు. అప్పుడు చూశాను, సోడా నీళ్లకు ఆమె వేళ్లన్నీ పొక్కిపోయాయి. తొందరలో చేతులకు గుడ్డలు చుట్టుకోలేదు. నేను వెన్న రాస్తుంటే, "నీ పెనిమిటి అన్నం తిన్నడా?" అని అడిగింది.

ఆయన ఆ తర్వాత చాలా ఏండ్లు బతికాడు. మనవల్ని ఎత్తుకున్నాడు. ఆనాటి మాట ఎప్పుడెత్తినా పెద్దమ్మ, "పెండ్లికి ఒక చీర తక్కువైంది, గందుకే ముంచిన" అని నవ్వేసేది.

కిందటి నెల చూడ్డానికి వెళ్లాను. చూపు పూర్తిగా పోయింది. నా కొంగు అందుకుని వేళ్లతో తడిమింది.

"ఏం రంగు?"

"ఆకుపచ్చ, పెద్దమ్మా."

"నీడకు ఆరెయ్యి. ఎండల ఏస్తే ఎలిసిపోతది."

బస్సు వేళయిందని నేను లేచేదాకా ఆ కొంగు వదల్లేదు.