బాలనర్సయ్య దాచిన పుంజులు

బాలనర్సయ్య కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు ఎప్పుడూ ఊరికే ఉండేవి కావు. చాయ్ తాగుతూ పేపరు అంచును విప్పేవాడు, మూసేవాడు. బస్సులో టికెట్టును విప్పేవాడు. ఎవరైనా ఏదైనా చెబుతుంటే వింటూనే తన చొక్కా కొసను పట్టుకుని విసనకర్రలా పరిచి చూసేవాడు. తెలియనివాళ్లు జబ్బనుకునేవారు. జబ్బు కాదు, అది ఆయన పని. అలియాబాద్ దాటాక కరీంనగర్ రోడ్డుకు లోపలగా ఒక కోళ్ల హేచరీ ఉండేది. అక్కడ పద్నాలుగేళ్లు ఆయన చేసింది అదే. అప్పుడే పుట్టిన కోడిపిల్లను ఎడమచేత్తో పట్టుకోవాలి, కుడిచేత్తో రెక్క విప్పాలి, చూడాలి. రెక్క అంచున ఈకలు ఒకటి పొడుగు ఒకటి పొట్టిగా ఉంటే పెట్ట. అన్నీ ఒక్క ఎత్తున ఉంటే పుంజు. పెట్ట కుడివైపు అట్టపెట్టెలోకి, పుంజు ఎడమవైపు నీలం డ్రమ్ములోకి.

గుడ్ల కోళ్ల వ్యాపారంలో పుంజుతో పనిలేదు. గుడ్డు పెట్టదు, ఆ జాతిలో కండా పట్టదు. పుంజుపిల్లలకు గులాబీరంగు, ఆకుపచ్చరంగు అద్ది ఊళ్లలో అమ్మేవాళ్లు సైకిళ్ల మీద వస్తే కొన్ని వాళ్లకు పోయేవి. వాళ్లు రాని రోజు డ్రమ్ముకు మూత పెట్టేవారు. ఇంతకన్నా చెప్పను.

ఆయనకు గుంట భూమి లేదు, ఆ చూపు తప్ప వేరే విద్య రాదు. తొంభై రెండులో సికింద్రాబాద్‌లో ఒక సభకు వెళ్లి బౌద్ధం తీసుకుని వచ్చాడు. భార్య ఎలీషమ్మ అప్పటికే చర్చికి పోయేది. ఉన్న ఒక్క గదిలో తూర్పు గోడకు సిలువ, పడమటి గోడకు బుద్ధుడు. "ఇద్దరి నడుమ కూసోని నేను బాసండ్లు తోముతున్న," అనేది ఎలీషమ్మ.

వాళ్లకు పిల్లలు లేరు. కుక్కరు ఆవిరి వదిలినా, బస్సు బ్రేకు కీచుమన్నా ఆయన కూర్చున్నచోటు నుంచి లేచి నిలబడేవాడు. "పిల్లలు," అనేవాడు. ఎలీషమ్మ మొహం తిప్పుకునేది. ఆయన ఏ పిల్లల గురించి అంటున్నాడో ఆమెకు తెలుసు. అయినా తిప్పుకునేది.

ఆదివారం పొద్దున ఆమె చర్చికి పోగానే ఆయన వసారాలో చాప పరిచేవాడు. ఐదారుగురం పోయేవాళ్లం. నేను ఇంటర్ తప్పి, ఇంటి మీద, ఊరి మీద, రాని బస్సుల మీద, వచ్చిన బస్సుల మీద కోపంతో తిరుగుతున్న రోజులవి. నిర్వాణం కోసం పోలేదు. ఆయన రేకు పెట్టెలో పుస్తకాలున్నాయి, వాటికోసం పోయాను. మా నాయిన గండయ్యకు అది నచ్చేది కాదు.

"గా వాడకు పోయి సదివి ఏం గుంజుకొస్తవ్‌రా? గుడ్లు వెడ్తయా గా పుస్తకాలు?"

చదువుకు ముందు పంచశీల చెప్పుకోవాలి. ప్రాణం తీయను. ఇవ్వనిది తీసుకోను. కామంతో తప్పు నడవను. అబద్ధమాడను. మత్తు ముట్టను. ఒక్కొక్కటి ఆయన అంటే వెనక మేం అనాలి. కానీ ఆయన రెండోదానితో మొదలుపెట్టేవాడు. మొదటిది చెప్పడానికి పట్టేంతసేపు కళ్లు మూసుకుని, పెదవులు బిగించి కూర్చునేవాడు. ఆ కాసేపు మేమూ ఊరుకునేవాళ్లం. వసారా రేకు మీద కాకి నడిచినా వినిపించేది.

ఒకసారి అడిగాను. "కాకా, మొదటిదెందుకు ఇడిసిపెడ్తవ్?"

"పొద్దుగాల ప్రాణం తియ్యనని చెప్పి, పది కొట్టంగ డ్రమ్ముకాడ కూసుంటే గది శీలమైతదా బిడ్డా? నాటకమైతది."

"నువ్వు సంపుతలేవు గద. ఏరుతున్నవ్ గంతే."

"అవ్. నేను ఏరుత, మూత ఇంకోడు వెడ్తడు. గట్లయితె ఇద్దరికీ నిద్ర రావాలె." నవ్వాడు. "వానికి వస్తది."

సభలో తనకు దీక్ష ఇప్పించిన పెద్దమనిషిని, రైల్వేలో గుమాస్తా చేసి దిగిపోయినాయన్ని, ఈ సంగతి అడిగాడట. ప్రాణులతో వ్యాపారం సరైన జీవనం కాదు, వేరే పని చూసుకో అన్నాడట ఆయన. పెన్షన్ తింటున్న నోటితో చెప్పడం సుళువే అన్నాను నేను. బాలనర్సయ్య ఒప్పుకోలేదు. "ఆయన చెప్పిన తొవ్వ మంచిదే. నడిచే కాళ్లు నాకు లెవ్వు."

పుట్టుకే దుఃఖం అన్న వాక్యం దగ్గర నేను పుస్తకం మూసి వాదన పెట్టుకున్న రోజు ఒకటి గుర్తుంది. ఆయన వాదించలేదు. "గీ మాటకు నాకు పుస్తకం అక్కర్లేదు. దినానికి ఆరువేల పుట్టుకలు నా చేతులకెల్లి పోతయ్," అన్నాడు. తర్వాత, చాలా మెల్లగా, "ఒక్కసారన్నా గా మొదటి మాట నోరు నిండ అనాలె. గంతే నాకు గావాల్సింది," అన్నాడు. వేళ్లు చొక్కా కొసను విప్పుతూనే ఉన్నాయి.

తొంభై ఆరు ఎండాకాలంలో ఒక ఆదివారం ఆయన ఆ మాట అన్నాడు. "ప్రాణం తీయను." మేం ఉలిక్కిపడి, ఒకరి మొహం ఒకరం చూసుకుని వెనక అన్నాం. పని మానేశాడేమో అనుకున్నాను. ఆ సంబరంలో ఇంకో సంగతి పట్టించుకోలేదు. నాలుగోదాని దగ్గర ఆయన గొంతు లేదు. అబద్ధమాడనని మేమే అనేసి ఐదోదానికి పోయాం.

అసలు జరిగింది నాకు తర్వాత తెలిసింది కానీ ఇక్కడే చెబుతాను. ఆయన పుంజులను పెట్టల పెట్టెలో వేయడం మొదలుపెట్టాడు. మొదట వందకు ఒకటి. అంత పొరపాటు ఏ చేతికైనా వస్తుంది. ఆ ఒక్కటి డ్రమ్ములో పడని రోజు ఆయనకు నిద్ర పట్టింది. తర్వాత వందకు మూడు. ఒకరోజు రంగులవాళ్లు రాలేదు, డ్రమ్ము సగానికి వచ్చింది, అడుగునున్నవాటి గొంతులు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. ఆ రోజు వందకు పద్నాలుగు వేశాడు. ఆ పెట్టెలు ఎక్కడికి పోతున్నాయో అడగలేదు. ప్రాణం కాపాడుతున్నవాడికి చిరునామా ఎందుకు?

అందులో పది పెట్టెలు మా షెడ్డుకు వచ్చాయి.

శామీర్‌పేట వైపు రోడ్డు పక్కన ఉన్న మా చెలకలో నాయిన ఆ ఏడే షెడ్డు వేశాడు. మా అవ్వ కడియాలు ఆ రేకుల్లోనే ఉన్నాయి. వెయ్యి పిల్లలు. రెండో నెల దాటేసరికి కొన్నింటి నెత్తిన తురాయి ఎర్రబడి లేచింది. నాయిన ఎంచాడు. నూట ముప్పై ఎనిమిది. హేచరీకి పోయాడు. నెల రోజులు తిప్పించుకున్నాక మేనేజరు వెంకటేశ్వరరావు వచ్చి చూశాడు. కోస్తా నుంచి వచ్చి ఇటువైపు కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నవాడు. మర్యాద తెలిసినవాడు.

"పొరపాట్లు జరుగుతాయి గండయ్యగారూ. మనుషులు కదండీ చూసేది."

"నూటికొక్కటైతే పొరపాటు సార్. పద్నాలుగైతే ఏమంటరు?"

పెట్టెల మీద చీటీలుండేవి. ఒక్కో బల్లకు ఒక నంబరు. మా పెట్టెలన్నీ మూడో బల్లవి. ఆ బల్ల దగ్గర కూర్చునేది ఇద్దరు. ఒకరు బాలనర్సయ్య. రెండోది దుర్గాబాయి, తండా నుంచి వచ్చి ఏడాది కిందట పనిలో చేరిన మనిషి. పద్నాలుగేళ్ల చేయి తప్పుతుందని ఎవరనుకుంటారు? ఆ సాయంత్రమే ఆమెను మాన్పించారు. గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటూ ఆమె బాలనర్సయ్య వైపు చూసింది. "నా కండ్లు మంచిగనే ఉన్నయన్నా. నువ్వన్నా జెప్పు."

ఆయన చెప్పలేదు.

తర్వాతి ఆదివారం వసారాలో చాప పరచలేదు. ఒంట్లో బాగాలేదని ఎలీషమ్మ చెప్పి పంపింది. ఆ వారమంతా ఆయన పనికి పోయాడని, ఏరాడని, ఒక్క పుంజునూ దాచలేదని తర్వాత తెలిసింది.

దుర్గాబాయిని మాన్పించిన పన్నెండో రోజు పొద్దున, మేడ్చల్‌లో పెళ్లిళ్లకు వంటచేసే ఒకాయన, కోసి శుభ్రం చేసిస్తే మా పుంజులు తీసుకుంటానన్నాడు. నాయినకు రేకులు వేసేటప్పుడు విరిగిన మణికట్టు ఇంకా అతకలేదు. కత్తి నా చేతికిచ్చాడు. నాకు పందొమ్మిదేళ్లు. అప్పటిదాకా ఏ ప్రాణినీ కోయలేదు. మొదటిదాన్ని మోకాళ్ల నడుమ ఇరికించుకుని తలెత్తేసరికి బాలనర్సయ్య తడికె దగ్గర నిలబడి ఉన్నాడు.

షెడ్డులో ఇంకో పుంజు కూసింది. లేత గొంతు, సగంలో విరిగిన కూత. గుడ్ల షెడ్డులో వినపడకూడని చప్పుడు. ఆయన వేళ్లు ఆగిపోయాయి. అవి ఆగడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

"గండన్నా, దుర్గాబాయి జెయ్యలే. నేనే జేసిన."

"ఏంది?"

"పుంజులని తెలిసే పెట్టెల ఏసిన. డ్రమ్ముల ఎయ్య పానమొప్పలే."

నాయిన షెడ్డు వైపు చూశాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వు ఆయన మొహం మీద మళ్లీ చూడకూడదనుకున్నాను.

"నీ కాడ సావొద్దని నా ఇంట్లకు తోలినవా బాలనర్సా? ఒక్క దినంల పోయేటియి. నెలలకు నెలలు నా దాణా తిని, పెట్టల నెత్తులు పొడిచి, గిప్పుడు సస్తున్నయ్. మస్తు పుణ్యం జేసినవ్‌పో."

"నన్ను కొట్టన్నా."

"నిన్ను గొడితె పుంజులు గుడ్లు వెడ్తయా?" నా వైపు చేయి చూపించాడు. "మా పోరడు కోస్తడు. నువ్వు గిట్ల కూసోని సూడు. నువ్వు బతికిచ్చినయే గద."

బాలనర్సయ్య కూర్చోలేదు. నా దగ్గరికి వచ్చి చేయి చాపాడు.

"ఇటియ్యి."

"కాకా, నీ శీలం?"

"నా పని నీ చేతికంటొద్దు. ఇటియ్యి బిడ్డా. నువ్వు కాళ్లు వట్టు."

పట్టాను. మధ్యాహ్నం దాకా పట్టాను. ప్రతిదాన్నీ కోసే ముందు ఆయన రెక్క విప్పి చూశాడు. వాటి గురించి ఇక తెలుసుకోవాల్సింది ఏమీ లేదు. అయినా చూశాడు, పద్నాలుగేళ్లుగా చూసిందంతా తొందరలో చూశానన్నట్టు. నా పిడికిట్లో ఆ సన్నని కాళ్లు మొదట గట్టిగా కొట్టుకునేవి, తర్వాత మెల్లగా, తర్వాత లేదు. నూట ముప్పై ఎనిమిది సార్లు.

కడుక్కుని అటునుంచటే హేచరీకి పోయి చెప్పాడు. "ఇప్పుడెందుకయ్యా ఈ గొడవ? ఆవిడ వెళ్లిపోయింది, సంగతి సద్దుమణిగింది," అన్నాడట వెంకటేశ్వరరావు. ఈయన వినకపోయేసరికి ఈయన్నీ మాన్పించాడు. దుర్గాబాయిని మాత్రం వెనక్కి పిలవలేదు. ఆమె చోట్లో అప్పటికే వేరేవాళ్లు కూర్చున్నారు.

తండాకు ఆయనతో నేనూ పోయాను. దుర్గాబాయి గుడిసె ముందు చాటలో జొన్నలు చెరుగుతోంది. ఆయన చెప్పిందంతా చెరగడం ఆపకుండా విన్నది.

"కోడిపిల్ల మీద వచ్చిన దయ నా మీద పన్నెండు దినాలు రాలేదా అన్నా?"

నేను చదివిన పుస్తకాల్లో దానికి జవాబు వెతికాను. జాలి మీద పేజీలకు పేజీలున్నాయి. చాట ఆడుతూనే ఉంది. ఎంతసేపటికీ ఆమె మళ్లీ తలెత్తకపోతే వచ్చేశాం.

ఆ ఆదివారం వసారాకు నేనొక్కణ్నే పోయాను. తిట్టడానికే పోయాను. దాణా అప్పులో మా షెడ్డు అప్పటికి మునిగినట్టే. ఆయన చాప మీద కూర్చుని, కళ్లు మూసుకోకుండా, మొదటిదానితో మొదలుపెట్టాడు. ప్రాణం తీయను. ఐదూ చెప్పాడు.

"నూట ముప్పై ఎనిమిది కోసి గీ మాటనా?" అన్నాను. "ఎట్ల నోరొచ్చింది కాకా?"

"గిది తప్పు జెయ్యనోళ్ల మాటనుకున్న. గందుకే మొదట్ల నోరు మూసుకున్న. తర్వాత దొంగసాటుగ తెరిసిన. రెండూ మదమే. నేను గింత మంచోణ్ని అని జెప్పుకునుడు గాదు బిడ్డా శీలమంటే. నేర్సుకుంట అనుడు. తప్పినోనికే గద నేర్సుకునే పని." చాప మీద నాకు చోటు చూపించాడు. "నువ్వను."

నేను అనలేదు. నాలుక మీదికి వచ్చింది, రెండు చేతులూ బిగుసుకున్నాయి, లేచి వచ్చేశాను. మళ్లీ ఆ వసారాకు పోలేదు.

ఉన్న పెట్టలను అప్పుకింద అమ్మేశాక నాయిన ఆ షెడ్డులో ఇంకో కోడిని పెట్టలేదు. ఖాళీ షెడ్డు ముందు మంచం వేసుకుని మిట్టమధ్యాహ్నం ఉన్నట్టుండి లేచేవాడు. "ఇనవడ్తాందిరా?" అనేవాడు. ఏమీ లేదనేవాణ్ని. అబద్ధం. నాకూ వినపడేది, సగంలో విరిగిన ఆ కూత. తర్వాత చెలక ప్లాట్లయింది, రేకులు పాతసామాను వాడు తీసుకుపోయాడు. హేచరీ కూడా మూతపడింది. ఆ కూత మాత్రం ఎక్కడికీ పోలేదు.

పోయినేడు ఎలీషమ్మ బస్టాండులో కనబడి, "ఒక్కసారి పోయి కండ్లవడు కొడుకా, నిన్నే అడుగుతుంటడు," అంది. పదేళ్ల తర్వాత పోయాను. బౌరంపేట్‌లో గేటున్న కాలనీ ఒకటి. ఆయన అక్కడ తోటపని చేస్తున్నాడు. మనిషి సగమయ్యాడు. గేటు బయట బండ మీద కూర్చున్నాం. చేతిలో పేపరు అంచు విప్పుతున్నాడు, మూస్తున్నాడు.

ఇంతలో సైకిలు మీద రంగు కోడిపిల్లల గంప వచ్చింది. కాలనీ పిల్లలు పరిగెత్తుకొచ్చారు. బాలనర్సయ్య లేచి గంపలో చేయి పెట్టి గులాబీరంగు పిల్లను ఎడమ అరచేతిలోకి తీసుకున్నాడు. కుడిచేతి వేళ్లు రెక్కదాకా వచ్చాయి. అక్కడ ఆగాయి. విప్పలేదు. పక్కనున్న పాప దోసిట్లో పిల్లను పెట్టాడు.

"పైలం బిడ్డా. నీళ్లు వెట్టు. ఎండల ఉంచకు."

నా వైపు తిరిగాడు. ఆ రోజు తను అనమన్న మొదటి మాట ఇన్నేళ్లలో ఎప్పుడైనా అన్నానా అని ఆయన అడగలేదు. అడిగితే బాగుండేది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. నా చేతులు ఒళ్లో ఉన్నాయి. చూస్తే రెండూ పిడికిళ్లే. లోపల ఆ సన్నని కాళ్లు ఇంకా గట్టిగా కొట్టుకుంటున్నాయి. విప్పుదామని చూశాను. ప్రాణం తీయను, అనుకోబోయాను, రెండు ముక్కలు, ఎవరూ వినరు. మేడ్చల్ ఇంకా రాకముందే బ్రేకు కీచుమంది.

నేను లేచి నిలబడ్డాను.

"స్టాపు ఇంకా రాలే తమ్మీ," అన్నాడు పక్కాయన. "కూసో."