ఆళ్లగడ్డ కుట్టు రూములో ఒక పేరు

మా అమ్మ కుట్టుపని నేర్చుకున్నది ఆళ్లగడ్డ మహిళా మండలిలో. మండలి నడిచే గదిని మున్సిపల్ ఆఫీసువాళ్లు వేరే పనికి ఇవ్వబోతున్నారని, సోమవారంలోగా మండలి చరిత్ర, తొలి సభ్యుల పేర్లు రాసిస్తే మళ్లీ ఆలోచిస్తామన్నారని అమ్మకు ఫోన్ వచ్చింది. రాసిపెట్టే మనిషి లేరట. "ఎప్పుడూ నిఘంటువులో మాటలు ఏరుకుంటాంటావు గదా, పోయి రాసిచ్చిరా" అంది అమ్మ.

శనివారం పొద్దున ఏడున్నరకు నంద్యాలలో పల్లెవెలుగు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం. అహోబిలం వెళ్లే భక్తులతో బస్సు నిండిపోయింది. శిరివెళ్ల మీదుగా గంటకు పైగా నిలబడే వెళ్లాను. ఆళ్లగడ్డలో దిగి మహిళా మండలికి పోవాలని అడిగితే, అలాంటిది ఊళ్లోనే లేదన్నాడు ఆటో అన్న. కుట్టుమిషన్లుంటాయని చెప్పాక నవ్వాడు. "కుట్టు రూమని చెప్పు పాపా. మా ఇంటామె జాకెట్లన్నీ ఆడనే." ఇరవై రూపాయలు తీసుకున్నాడు.

గదిలో ఆరు మిషన్లు. మండలిని నడిపే హుసేన్‌బీ అక్క, తొలి సభ్యుల్లో ఒకరైన మార్తమ్మవ్వ నాకోసం ఎదురుచూస్తున్నారు. పాత రికార్డు పుస్తకాలు చెదలు తినేశాయి. మిగిలింది తొలి సభ్యుల పేర్లున్న ఒక తెల్ల దుప్పటి. చదువు రానివాళ్లకు ఇక్కడ సాయంత్రాలు అక్షరాలు నేర్పేవారు. పేరు రాయడం వచ్చిన రోజు ఆ పేరును దుప్పటి మీద దారంతో కుట్టాలి. అది మండలి పద్ధతి.

మండలి చరిత్ర వాళ్లిద్దరూ చెబుతుంటే రాసుకున్నాను. తర్వాత దుప్పటి మీది పేర్లన్నీ శ్రద్ధగా కాగితంలోకి ఎక్కించాను, తప్పులు దిద్దుతూ. దుప్పటి మీద 'మారతమ్మ' అని ఉన్నచోట 'మార్తమ్మ' అని రాశాను. అవ్వ కాగితం లాక్కుని చూసింది. "ఇది నా పేరు కాదు."

తప్పు సరిచేశానని చెప్పాను.

"తప్పూ నాదే, పేరూ నాదే. గుడ్డ మింద ఒకటి, కాయితం మింద ఒకటి ఉంటే ఇద్దరు మనుషులంటారు. అట్లే రాయి."

"రాయి పాపా," అంది హుసేన్‌బీ అక్క. "అది నేర్చేదానికే ఆరు నెలలు పట్టిందంట. మార్చాలంటే ఇంగో ఆరు నెలలు కూకోని నేర్పాల నువ్వు."

నేను దిద్దిన పేర్లు పదకొండు. కాగితం చించి మొదటినుంచీ రాశాను. అవ్వ ఒక చేతివేలు దుప్పటి మీద, ఒకటి కాగితం మీద పెట్టి ఒక్కో పేరూ సరిచూసింది. అన్నం తినేసరికి మూడైంది.

సోమవారం కాలేజీ మానేసి వాళ్లతో ఆఫీసుకు వెళ్లాను. అక్కడివాళ్లు కాగితం చదువుతుంటే, అవ్వ దుప్పటి మీద చూపిస్తూ వచ్చింది. ఒక్క అక్షరమూ తేడా రాలేదు. తుది మాట ఇంకా చెప్పలేదు. గది తాళంచెవి మాత్రం హుసేన్‌బీ అక్క కొంగునే ఉంది.

సరైన మాటంటే నిఘంటువులో ఉన్నదే అనుకునేదాన్ని. ఒక మనిషి కష్టపడి కుట్టుకున్నదీ సరైన మాటేనని ఆళ్లగడ్డలో తెలిసింది. మీరూ అక్కడికి వెళితే, శనివారం కాకుండా వేరే రోజు వెళ్లండి. బస్సులో కూర్చునైనా పోవచ్చు.