మాట్లాడితే పది మార్కులు కట్

నేను ప్రిన్సిపాల్‌గారితో సహా మురిక్కాలువలో ఎలా పడ్డానో చెబుతాను, నవ్వుకోండి. చివర్లో నవ్వు ఆగిపోతే మాత్రం నన్ను తిట్టకండి. తిట్టినా ఫరవాలేదు లెండి, అలవాటే.

మాది తెలుగు నేల అంచున కోంటాలో కిరాణా కొట్టు. కొట్లో కూర్చోవడం చేతకాక, జగదల్‌పూర్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ పాఠాలు చెప్పడానికి చేరాను. చేరీ చేరగానే ఏదో శిక్షణకు వెళ్లి ‘ఆటలతో పాఠాలు’ అనే జబ్బు అంటించుకొచ్చాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త లెక్చరర్ పొద్దూ ఎరగడు, మాపూ ఎరగడు.

నా క్లాసులో ఒక బెంచీ హిందీ మాట్లాడితే, ఒకటి హల్బీ, ఇంకోటి గోండీ. గ్రూపు ప్రాజెక్టు ఇస్తే చాలు, ఎవరి భాషవాళ్లు ఒక మూలకు చేరేవారు. ఏ మూలకూ చేరని పిల్ల ఒకతి, పేరు కోసి. ఎర్రబోరు దగ్గర పల్లె, ఇంట్లో దోర్లీ, నాతో మాత్రం మా కోంటా తెలుగులో ఒకటీ అరా పలికేది. క్లాసులో అదీ లేదు. వైవాలో నోరు విప్పక ఒకసారి తప్పింది. మళ్లీ తప్పితే చదువు మాన్పిస్తానని వాళ్ల నాన్న చెప్పి వెళ్లాడు.

“ఈ పిల్లను నేను గట్టెక్కిస్తా!” అని లేని మీసం మెలేశాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా, అసలు నోరే మూయిస్తే ఊరు ఇంకెంత మంచిదవుతుందో అనుకున్నాను. ఆలోచించండి, నాకు జీతమిచ్చి మరీ చదువు చెప్పించుకున్నారు.

“అందరూ కలిసి హాస్టల్ వెనక కాలువ మీద వెదురు వంతెన కట్టాలి. నోట్లోంచి మాట వచ్చిందో, పది మార్కులు కట్!” అన్నాను.

“సైగలు చెయ్యొచ్చా సార్?” అని హిందీలో అడిగాడు రాకేశ్. క్లాసుకంతా పెద్ద నోరు వాడిదే.

“ఎన్నైనా చేసుకో.”

మాటలు పోయేసరికి కోసి లేచింది. ఆమె వేలు చూపిస్తే వెదురు కదిలింది, చెయ్యెత్తితే అందరూ ఆగారు. రాకేశ్ తాడు చుట్ట మోసుకుంటూ ఆమె వెనకాలే తిరిగాడు. ఆ పిల్ల నవ్వడం నేను అప్పుడే చూశాను. నిజంగా కడుపు నిండిపోయింది.

అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? ప్రిన్సిపాల్‌గారిని పిలుచుకొచ్చాను. అవతలి గట్టున కోసి ఇంకా ముడి వేస్తూనే ఉంది. నేను ఈల ఊదేశాను. “పని ఆపండి! అందరూ పక్కకు! నేను దాటేదాకా మౌనమే!”

వంతెన ఎక్కాను. రాకేశ్ రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.

“చూశారా సార్, పిల్లల ఉత్సాహం!”

ఇంకొకడు తల పట్టుకున్నాడు.

“వాడికి ఆనందం ఎక్కువైంది సార్.”

ప్రిన్సిపాల్‌గారు “వాహ్, వాహ్” అంటూ నా వెనకే కాలు పెట్టారు. అప్పుడు, ఏడాదిగా క్లాసులో వినని గొంతు గట్టిగా అరిచింది.

“ఆగుండ్రి సార్! ముడి పడలే! ఎక్కకుండ్రి!”

నేను ఠీవిగా తలెత్తి, “కోసీ, పది మార్కులు కట్!” అని ఇంకో అడుగు వేశాను.

నా మాటలు కోటలు దాటాయి. కాలు మాత్రం కాలువ దాటలేదు.

మెస్ వాళ్లు పారబోసిన గంజి మీద నేను, నా మీద ప్రిన్సిపాల్‌గారు. గట్టు మీద ఒక్కడైనా “అయ్యో” అంటే ఒట్టు! మార్కులు పోవూ? రాకేశ్ నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని, నవ్వినా కోస్తారా అని సైగతో అడిగాడు. కోసి ఒక్కతే కిందికి దిగి చెయ్యి అందించింది.

“చెప్పిన గద సార్” అంది మెల్లగా.

ప్రిన్సిపాల్‌గారు చెవిలోంచి మెతుకు తీసుకుంటూ, “గల్తీ కిస్‌కీ హై?” అని గర్జించారు. తప్పెవరిదయ్యా అని. నాది అంటే సరిపోయేది. నేనేమన్నానో తెలుసా? “ఆ అమ్మాయి అరిచింది సార్. ఆ అరుపుకే కాలు జారింది.”

కోసి నా చెయ్యి వదిలేసింది. పది మార్కులు కోసినవి కోసినట్టే ఉంచాను.

తర్వాత వైవా వచ్చింది. బల్లకు ఇటు నేను, అటు కోసి.

“మీ వంతెన గురించి చెప్పమ్మా. తెలుగులోనే చెప్పు. దోర్లీలో అయినా సరే.”

తల వంచుకునే అడిగింది.

“చెప్తే ఎన్ని పోతయి సార్?”

వైవా మళ్లీ తప్పింది. సెలవులకు ఊరెళ్లిన పిల్ల మళ్లీ రాలేదు.

అందుకే ఆ మురిక్కాలువ సాక్షిగా, అందులోని గంజి సాక్షిగా ప్రమాణం చేశాను. ఇకమీదట ఎవరు, ఏ భాషలో ఆగమన్నా ఆగుతాను. మొన్న గీదం బస్టాండులో వెనకనుంచి “ఆగుండ్రి!” అని ఆడగొంతు వినబడితే, నడిరోడ్డు మీద ఠక్కున ఆగి వెనక్కి తిరిగాను. ఎవరో అమ్మాయి, ఆటో కోసం అరుస్తోంది. ఆటో ఆగలేదు.